నార్తర్న్ టెరిటరీ పశువుల స్టేషన్‌లో ఒక సీజన్: నా అనుభవం

ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024 సెప్టెంబరు 16 నుంచి భారతీయులకు కూడా, అక్కడ తిరుగుతూ పని కూడా చేసుకోనిచ్చే వర్క్ అండ్ హాలిడే వీసా ఇవ్వడం మొదలుపెట్టింది. 18 నుంచి 30 ఏళ్ల వయసువారిలో ఏడాదికి వెయ్యి మందికే అవకాశం కాబట్టి ముందుగా లాటరీ తీస్తారు. అందులో పేరు నమోదు చేసుకోవడానికి ఆ ఏడాది అక్టోబరు నెలంతా గడువు ఇచ్చారు. రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ప్రకాశం జిల్లాలో ఒక పాలసేకరణ సంస్థ తరఫున ఊళ్లు తిరుగుతూ, గేదెలకూ ఆవులకూ ప్రథమ చికిత్స, కృత్రిమ గర్భధారణ చేసే ఉద్యోగంలో ఉన్నాను. లాటరీలో పేరు వచ్చినట్టు ఈమెయిల్ రావడానికి కొన్ని వారాలు పట్టింది. అది వచ్చాక 28 రోజుల్లో అసలు దరఖాస్తు పెట్టాలి. దానికి రుసుము అప్పట్లో 650 డాలర్లు, అప్పటి మారకం ప్రకారం దాదాపు ముప్పై ఆరు వేల రూపాయలు. ఐఈఎల్‌టీఎస్ స్కోరు, చదువు ధ్రువపత్రాలు, బ్యాంకులో సుమారు 5,000 డాలర్లకు సమానమైన సొమ్ము ఉన్నట్టు కాగితం ముందే సిద్ధం చేసుకుని ఉంచినందువల్ల ఆ గడువు నాకు ఇబ్బంది కాలేదు. సంక్రాంతి వెళ్లాక వీసా చేతికొచ్చింది.

ఇంట్లో డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. నాన్న మాత్రం రెండు రోజులు ఆలోచించి, "అక్కడ వాటిని కోతకే పెంచుతారంట గదా అమ్మాయ్, నువ్వు చూడగలవా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు సరైన సమాధానం లేదు. పశువులను వేలల్లో ఎలా సాకుతారో, అంత పెద్ద మందలో రోగాన్ని ఎలా పసిగడతారో చూడాలన్న కోరిక మాత్రం నాలో బలంగా ఉంది. ఉద్యోగాల వెబ్‌సైట్లలో చూసి, ఫిబ్రవరిలో ఫోన్లో మాట్లాడి, ఒక స్టేషన్‌లో, అంటే పశువులను వేలల్లో ఆరుబయట మేపే పెద్ద క్షేత్రంలో, పని ఖాయం చేసుకుని టికెట్టు కొన్నాను. మార్చి మధ్యలో చెన్నై నుంచి సింగపూరు మీదుగా, ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న నార్తర్న్ టెరిటరీ రాజధాని డార్విన్ చేరాను.

పశువులతో పనిచేసేవాళ్లు విమానం ఎక్కేముందు తెలుసుకోవలసింది ఒకటుంది. ఆస్ట్రేలియాలో గాలికుంటు వ్యాధి లేదు, లంపీ స్కిన్ వ్యాధీ లేదు. మన దగ్గర రెండూ ఉన్నాయి. విమానంలో ఇచ్చే కార్డులో, గత 30 రోజుల్లో మీరు పొలాలకు గానీ పశువుల దగ్గరకు గానీ వెళ్లారా అని అడుగుతారు. నేను ఉద్యోగం మానేసి నెల దాటినా, మా ఇంట్లోనే గేదెలున్నాయి కాబట్టి అవునని రాశాను. పాకలో తొడుక్కున్న బట్టలను, చెప్పులను ఇంటి దగ్గరే వదిలేసి కొత్తవే తెచ్చుకున్నానని చెప్పినా, అధికారిణి నా బూట్లు తిరగేసి అరికాలి గాట్లలోకి చిన్న లైటు వేసి చూసింది. ఇంట్లో కాచిన నెయ్యి తేవద్దని ముందే చదివాను కాబట్టి తేలేదు. కంపెనీ సీలు వేసిన ఆవకాయ, గోంగూర పచ్చళ్లను కార్డులో చూపించాను, వాటిని చూసి పంపించారు. ఆ కాసేపట్లో నాకు అవమానమేమీ అనిపించలేదు. గాలికుంటు సోకి గిట్టలు ఊడిన ఎద్దుల్ని చూసినదాన్ని కాబట్టి, ఆ తనిఖీ ఎందుకో నాకు బాగా తెలుసు.

డార్విన్ నుంచి కేథరిన్ పట్టణానికి స్టూవర్ట్ హైవే మీద దాదాపు 320 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటలు పట్టింది. అక్కడ దిగేసరికి, నాకు పని ఇస్తామన్నవాళ్లు రోడ్లు ఇంకా ఆరలేదనీ, మనుషుల్ని తగ్గించుకున్నామనీ మెసేజ్ పంపారు. చేతిలో సొమ్ము కరిగిపోతుంటే కేథరిన్‌లో ఉన్న ఆ రెండు మూడు వారాలే మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా భయం వేసిన కాలం. మంచం అద్దె రోజుకు నలభై డాలర్లు దాటింది. బ్యాంకు ఖాతా తెరవడం, పన్ను నంబరు కోసం దరఖాస్తు పెట్టడం, మారుమూల కూడా సిగ్నల్ వచ్చే టెల్‌స్ట్రా సిమ్ తీసుకోవడం, పొద్దున్నే మరికొన్ని స్టేషన్లకు ఫోన్ చేయడం, ఇదే పని. వానాకాలం ముగిసి ఏప్రిల్‌లో మట్టిరోడ్లు తెరుచుకుంటేనే స్టేషన్లకు మనుషులు కావలసివస్తారన్న సంగతి ఇంటి దగ్గరే తెలిసి ఉంటే, నేను మార్చి చివరి వరకు చెన్నై దాటేదాన్ని కాదు. చివరికి విక్టోరియా నది ప్రాంతంలోని ఒక స్టేషన్ మేనేజరు, నాకు పశువుల మందులూ సూదులూ వచ్చునని విని, సరుకుల లారీతో పాటు రమ్మన్నాడు. బూట్లు, అంచు వెడల్పు టోపీ, పొడుగు చేతుల చొక్కాలు, పరుపును లోపలే కుట్టేసి ఆరుబయట పరుచుకుని పడుకునే కాన్వాస్ సంచీ, అంటే వాళ్ల మాటలో స్వాగ్, ఇవన్నీ కొనేసరికి ఆరు వందల డాలర్లు దాటాయి.

కేథరిన్ నుంచి స్టేషన్ ఇల్లు చేరడానికి దాదాపు రోజంతా పట్టింది, చివరి భాగమంతా ఎర్రమట్టి దారి. స్టేషన్ విస్తీర్ణం మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుందనీ, పశువులు ఇరవై వేల దాకా ఉంటాయనీ మేనేజరు చెప్పాడు. ఆ ప్రాంతంలో అది మరీ పెద్దదేమీ కాదట. ఇంత నేలను ముళ్లకంచెలతో పాడక్‌లుగా విడగొట్టి, ఒక్కో పాడక్‌లో రెండు మూడు చోట్ల బోర్లు వేసి, నీళ్లను ట్యాంకుల్లోకీ అక్కణ్ణుంచి సిమెంటు తొట్లలోకీ వదులుతారు. పశువులకు పాకలు లేవు, దాణా లేదు, కట్టుకొయ్యలు లేవు. పుట్టిన దూడ మనిషిని మొదటిసారి చూసేది దానికి ముద్ర వేసే రోజునే. మా క్వార్టర్స్ రేకుల గదుల వరుస, ఒక్కొక్కరికి ఒక గది, ఏసీ ఉంటుంది. వైఫై ఇంటి చుట్టుపక్కలే వస్తుంది. గేటు దాటితే యూహెచ్ఎఫ్ రేడియో, అది కూడా అందని చోట శాటిలైట్ ఫోను.

మొదటి నెల రోజులూ నేను పశువును చేత్తో తాకలేదు. వాన నీటికి కొట్టుకుపోయిన కంచెలు తిరిగి కట్టడం, పశువులు నాకే ఉప్పు దిమ్మలు దించడం, బోర్ల చుట్టూ తిరగడం, ఇవే పనులు. కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: గుర్రాలూ హెలికాప్టర్లూ ఫొటోల్లో కనిపిస్తాయి గానీ, స్టేషన్ నడిచేది నీళ్ల మీద. వేడి రోజుల్లో ఒక్కో పెద్ద పశువు యాభై లీటర్లకు పైగా తాగుతుంది. నాలుగు వందల పశువులున్న చోట పంపు ఆగితే ట్యాంకులో నీళ్లు ఎన్ని గంటలకు సరిపోతాయో లెక్క వేసుకోవచ్చు. పశుకాపరులకు పెద్ద అయిన మా హెడ్ స్టాక్‌మన్ నన్ను వెంటబెట్టుకుని తిప్పిన మొదటి వారంలో ఒకటే నేర్పాడు. తొట్టి దగ్గరకు వెళ్లి నీళ్లున్నాయని చూసి వచ్చేయకూడదు, బంతి వాల్వును చేత్తో నొక్కి నీళ్లు ఎంత వేగంగా వస్తున్నాయో చూడాలి, ట్యాంకు వెలుపలి మట్టం చూడాలి, తొట్టి చుట్టూ ఉన్న పేడ తాజాదా పాతదా చూడాలి, ఆ తర్వాత రేడియోలో చూసింది చూసినట్టు చెప్పాలి. నీళ్లు బాగానే ఉన్నట్టున్నాయి అనే మాట ఆయనకు పనికిరాదు. ట్యాంకు ముప్పావు వంతు ఉంది, వాల్వు బాగుంది, ఒక ఆవు కుంటుతోంది, ఇలా చెప్పాలి. ఇంత జాగ్రత్త అవసరమా అని అప్పుడు అనిపించినా, అక్టోబరులో దాని విలువ తెలిసింది.

దిమ్మల సంగతి నాకు చాలా ఆసక్తి కలిగించింది. అక్కడి నేలల్లో భాస్వరం తక్కువ, అందువల్ల గడ్డిలోనూ తక్కువ. ఆ లోటు వల్ల పశువులు చచ్చిన పశువుల ఎముకలు నములుతాయి, ఆ ఎముకల నుంచి విషం ఎక్కి, బొట్యులిజం అనే జబ్బుతో కాళ్లు పడిపోయి చస్తాయి. అందుకే భాస్వరం కలిపిన దిమ్మలు పెడతారు, బొట్యులిజానికి టీకా వేస్తారు. మా ఊళ్లలో ఈనిన గేదెలు గోడలు నాకడం, గుడ్డలు నమలడం చూసి ఖనిజ లవణ మిశ్రమం పెట్టమని నేను ఎంతమందికి చెప్పానో! అదే లోటు ఇక్కడ వేల ఎకరాల మేర కనిపించేసరికి, ఇంతవరకు నేను చదివిన చదువు వృథా కాలేదనిపించింది.

ఇక ఆ పశువుల గురించి. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం తొట్టి దగ్గరకు వచ్చిన మందను మొదటిసారి దగ్గరగా చూశాను. బూడిద కలిసిన తెలుపు, నిలువెత్తు మూపురం, ముడతలు పడి వేలాడే గంగడోలు, నల్లటి కళ్లంచులు. వాటిని బ్రాహ్మన్ జాతి అంటారు. ఒంగోలు పశువులతో పాటు గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులను కలిపి అమెరికాలో తయారుచేసిన జాతి అది. ఎండకూ గోమార్లకూ తట్టుకుంటుందని 1933లో ఆస్ట్రేలియాకు తెచ్చారు. ఇప్పుడు ఉత్తరాది స్టేషన్లలో ఎక్కడ చూసినా దాని రక్తమే. ఒంగోలు గిత్తల పందేలు చూస్తూ పెరిగిన నాకు, ఇంత దూరంలో, ముఖం తెలియని మనుషుల నడుమ, ఆ మూపురాలు కనిపించేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి నాన్నకు ఫొటోలు పంపితే, మెడ చూసి ఇది మనదే అన్నాడు, కొమ్ములు చూసి కాదన్నాడు.

మే మొదటి వారంలో మందలను తోలుకురావడం మొదలైంది. దాన్ని మస్టరింగ్ అంటారు, ఏడాదికి రెండు విడతలు. మొదటిది మే నుంచి జులై దాకా, రెండోది ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా. తెల్లవారుజామున మూడున్నరకు లేస్తాం, నాలుగు గంటలకు తింటాం, వెలుతురు రాగానే రెండు చిన్న రాబిన్సన్ హెలికాప్టర్లు పైకి లేస్తాయి. పైలట్లు పాడక్ మూలల నుంచి పశువులను కదిలించి ఒక చోటుకు చేరుస్తారు, అక్కడి నుంచి గుర్రాల మీదా మోటారు సైకిళ్ల మీదా ఉన్నవాళ్లం వెనక నుంచీ పక్కల నుంచీ నడిపించుకుంటూ దొడ్లకు తీసుకెళ్తాం. వెయ్యికి పైగా పశువులు కదులుతుంటే లేచే ధూళిలో ముందున్న మనిషి కనిపించడు. తల్లుల అరుపులు, దూడల అరుపులు, రేడియోలో ఎవరో ఒకరి కేక. తొందరపెడితే దూడలు వెనకబడి తల్లుల్ని పోగొట్టుకుంటాయి కాబట్టి, మంద నడకే మన నడక. మధ్యాహ్నానికి దొడ్డి గేటు మూసేదాకా ఎవరూ నీళ్లు తప్ప మరేమీ ముట్టరు. ఆ గేటు గొలుసు కొక్కేనికి తగిలించిన చప్పుడు వినగానే అందరి భుజాలూ ఒక్కసారిగా కిందికి జారడం నేను ప్రతిసారీ గమనించాను.

మరుసటి రోజు దొడ్డి పని. పశువులను ఇనుప పైపుల సందుల్లోకి వదిలి, ఒకరు నిలబడి ఒక్కో పశువును చూసి ఏ గేటులోకి పోవాలో అరుస్తారు: ఆవు, పాలు మాన్పించే దూడ, అమ్మకం, ముసలిది. ఆ అరుపు వినగానే గేటు తెరిచేవాడు తెరవాలి. దూడలను ఒక్కొక్కటిగా ఇనుప చట్రంలోకి పట్టి పక్కకు వాలుస్తారు. తర్వాత వరుసగా టీకా, చెవి ట్యాగు, కొమ్ము మొలక తీయడం, మగదైతే వృషణాలు తీయడం, చివరికి కాల్చిన ఇనుముతో ముద్ర. నార్తర్న్ టెరిటరీలో ముద్ర మూడు అక్షరాలు ఉంటుంది, అందులో ఒకటి తప్పనిసరిగా టీ. మన పశువుల ఆసుపత్రుల్లో బర్డిజో అనే పట్టకారుతో నరం నొక్కి విత్తు కొడతాం, నెత్తురు రాదు. అక్కడ కత్తితో కోసి తీస్తారు. నా వంతు టీకాలూ ట్యాగులూ అయినా, ఒక నిమిషంలోపు ఒక్కో దూడ మీద ఇన్ని పనులు జరిగిపోవడం, వెంట్రుకలు కాలిన వాసన, ధూళితో కలిసిన నెత్తురు, వీటి మధ్య మొదటి రోజు సాయంత్రానికి నాకు అన్నం సయించలేదు. ఎవరూ నన్ను ఎగతాళి చేయలేదు. వంట చేసే పెద్దావిడ, మొదటి వారం అందరికీ అంతేనమ్మా అని చెప్పి టీ ఇచ్చింది.

కానీ నేను ఎదురుచూడనిది మరొకటి కనిపించింది. ఆ దొడ్లలో కర్రతో కొట్టడం లేదు, తోక మెలిపెట్టడం లేదు. కరెంటు కర్ర ఎవరైనా అవసరానికి మించి వాడితే హెడ్ స్టాక్‌మన్ అందరి ముందే లాక్కునేవాడు. తల్లి నుంచి వేరు చేసిన దూడలను పదిరోజుల దాకా ఎండుగడ్డి వేసి దొడ్లో ఉంచి, రోజూ గుర్రాల వెంట బయటికి తీసుకెళ్లి మేపుతూ, మనిషి అంటే భయం తగ్గేలా అలవాటు చేస్తారు. ఈ పని నాకు అన్నిటికంటే నచ్చింది. మొదటి రెండు రాత్రులు ఆ దూడల ఏడుపుకు నిద్ర పట్టదు. మూడో రోజు నుంచి మెల్లగా ఆగుతుంది. ఆ వారం ఎంత ఓపికగా చూస్తే ఆ పశువు జీవితాంతం అంత నెమ్మదిగా ఉంటుందని అక్కడివాళ్లు అంటారు. నాన్న అడిగిన ప్రశ్న ఆ రోజుల్లో పదే పదే గుర్తొచ్చేది. అవి చివరికి ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు. తెలిసే వాటికి నొప్పీ భయమూ తగ్గించాలని చూసేవాళ్లు ఉన్నారు. మా ఊళ్లో ముసలి ఆవును మొక్కి, ఆ తర్వాత దాన్ని రోడ్ల మీదికి వదిలేసిన ఇళ్లు నాకు తెలుసు. ఏది ఎక్కువ దయ అని నేను తీర్పు చెప్పలేను గానీ, నాన్నకు మాత్రం చూడగలుగుతున్నానని చెప్పాను.

తిండి విషయంలో నా భయం చాలావరకు తీరిపోయింది. స్టేషన్‌లో కోసుకున్న పశువు మాంసమే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. నేను అది తిననని మొదటి రోజే చెబితే గుడ్లు, బీన్స్, బంగాళాదుంపలు ఇచ్చేవారు. నెలకోసారి వచ్చే సరుకుల లారీకి నేను బియ్యం, కందిపప్పు రాయించుకునేదాన్ని. దొడ్లు ఇంటికి దూరమైతే అక్కడే విడిది వేసి వారం పదిరోజులు ఉంటాం, అప్పుడు వంట నిప్పుల మీద, స్నానం గొట్టం నుంచి కారే బోరు నీళ్లతో. ఉష్ణమండలం కదా అని చలి బట్టలు తక్కువ తెచ్చుకున్నవాళ్లు జూన్, జులై రాత్రులు పది డిగ్రీల కిందికి పోతాయని తెలుసుకుని ఇబ్బందిపడ్డారు. నాకు అమ్మ బలవంతాన పెట్టిన స్వెట్టరు పనికొచ్చింది. ఆడవాళ్లకు ఇబ్బంది ఉండదా అని చాలామంది అడుగుతున్నారు. మా ముఠాలో సగానికి సగం అమ్మాయిలమే. పని పంచేటప్పుడు ఎవరికీ తేడా చూపలేదు, గదులకు లోపల గడియలున్నాయి.

ఒంటరితనం మాత్రం నిజం. విడిది దగ్గర ఫోను ఉండదు కాబట్టి అమ్మతో మాట్లాడేది ఇంటికి చేరినప్పుడే, అప్పటికి ఊళ్లో జరిగినవన్నీ పాతబడిపోయి ఉండేవి. వారానికోసారి కేథరిన్ నుంచి ఉత్తరాల విమానం వస్తుంది. ఎవరికీ ఏమీ రాకపోయినా అందరం ఎయిర్‌స్ట్రిప్ దాకా వెళ్లేవాళ్లం. మేనేజరు పిల్లలు కేథరిన్ స్కూల్ ఆఫ్ ది ఎయిర్‌లో, ఇంటర్నెట్ ద్వారానే చదువుతున్నారు. ఆసుపత్రి గంటల దూరం. ఇంట్లో తాళం వేసిన మందుల పెట్టె ఉంటుంది, లోపల ప్రతి మందు మీదా ఒక నంబరు. వైద్యుడు ఫోన్లో లక్షణాలు విని ఆ నంబరు చెబితే అది ఇస్తారు. జులైలో ఒక దూడ తన్ని నా మోకాలు వాచినప్పుడు ఇలాగే చికిత్స జరిగింది, వారం పాటు నన్ను వంటగదిలో కూర్చోబెట్టారు, జీతం కోయలేదు. అంతకుముందు మా ముఠాలో ఒక కుర్రాడు గుర్రం మీద నుంచి పడి చేయి విరిగితే కేర్‌ఫ్లైట్ అనే వైద్య సేవ విమానం వచ్చింది. పొద్దు వాలుతుండగా, రన్‌వే మీద వాలబీలు, అంటే చిన్న కంగారూల్లాంటివి, లేకుండా మేం జీపులతో అటూ ఇటూ తిరుగుతూ తరుముతుంటే అది దిగింది. పిలిచినప్పటి నుంచి దాదాపు మూడు గంటలు. ఆ మూడు గంటలూ వాడి తల పక్కనే కూర్చుని, పశువుల చికిత్స తప్ప మనుషులది తెలియని నేను తడిగుడ్డ మార్చడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఆగస్టులో మమ్మల్ని కల్కరింజి అనే ఊళ్లో జరిగే ఫ్రీడమ్ డే ఉత్సవానికి పంపారు. 1966 ఆగస్టు 23న ఆ పక్కనే ఉన్న వేవ్ హిల్ స్టేషన్ నుంచి విన్సెంట్ లింగియారి నాయకత్వంలో అక్కడి ఆదివాసులైన గురింజి తెగకు చెందిన దాదాపు రెండు వందల మంది, పశుకాపరులు, ఇంటి పనివాళ్లు, వాళ్ల కుటుంబాలు పని మానేసి నడిచి వెళ్లిపోయారు. మొదట జీతాల కోసమని అందరూ అనుకున్న ఆ సమ్మె తమ భూమి తమకు ఇమ్మనే పోరాటంగా ఏళ్ల తరబడి సాగింది. 1975 ఆగస్టు 16న ప్రధాని గాఫ్ విట్లం వచ్చి, భూమి తిరిగి ఇస్తున్న గుర్తుగా లింగియారి చేతిలో గుప్పెడు మట్టి పోశాడు. మా ముఠాలో ఉన్న ఒక గురింజి పెద్దాయన తన తాత ఆ రోజు నడిచినవాళ్లలో ఉన్నాడని చెప్పాడు. ఆ దారిలో ఆయన పక్కన నడుస్తూ, వారం వారం నా చేతికొచ్చే జీతం చీటీ గురించి ఆలోచించాను. ఇదే ఎండలో ఇదే పని చేసిన ఆయన పెద్దలకు పిండి, పంచదార, టీ పొడి, అరకొర డబ్బు తప్ప దక్కలేదు. స్టేషన్‌లో పనికి వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలని నా కోరిక. లేకపోతే మన కాళ్ల కింద నేల ఎవరిదో తెలియకుండానే సీజన్ గడిచిపోతుంది.

సెప్టెంబరులో అమ్మకాలు. ఇండోనేషియాకు ఓడల్లో వెళ్లే పశువులు 350 కిలోల లోపు ఉండాలి కాబట్టి ఒక్కోదాన్ని తూచి వేరుచేశాం. మూడు ట్రెయిలర్లు తగిలించిన రోడ్ ట్రెయిన్లు రాత్రికే వచ్చి నిలబడతాయి, వాటి పొడవు యాభై మీటర్లు దాటుతుంది. తెల్లవారకముందే ఎక్కించడం మొదలవుతుంది. మే నెలలో నేను టీకా వేసిన పశువులు వాటిలో ఉన్నాయో లేదో గుర్తుపట్టలేను, కానీ మా ట్యాగుల నంబర్లు యంత్రం చదువుతుంటే ఒక్కొక్కటీ తెర మీద వచ్చేది. నేను వాటిని చూస్తూ నిలబడిపోయాను.

అక్టోబరు వచ్చేసరికి గాలి మారింది. మబ్బులు కమ్ముతాయి, ఉరుముతుంది, వాన పడదు. నలభై డిగ్రీల ఎండకు ఉక్కపోత తోడవుతుంది. మనుషులు ఒకరి మీద ఒకరు విసుక్కునేది ఈ నెలలోనే. ఒక మధ్యాహ్నం బోర్ల చుట్టు తిరుగుతూ దూరపు పాడక్‌లో ఒక తొట్టి దగ్గరకు వెళ్లేసరికి, మూడు వందలకు పైగా పశువులు తొట్టిని చుట్టుముట్టి నిలబడి ఉన్నాయి. తాగిన పశువు నీడకు పోతుంది, నిలబడదు. జీపులోంచి దిగకముందే నాకు గుండె జారింది. ట్యాంకు ఖాళీ. సోలార్ పంపు కంట్రోలరు కాలిపోయింది. తొట్టి అడుగున పచ్చటి పాచి మాత్రం తడిగా ఉంది. ఒక ముసలి ఆవు ముందుకాళ్లు తొట్టి అంచు మీద ఆనించి, గంగడోలు లోపలికి వేలాడుతుండగా ఆ పాచిని నాకుతోంది, నాలుక గరుకుగా సిమెంటుకు రాసుకుంటున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. దాని పక్కటెముకల మీదికి వెనక నుంచి మిగతావి నెట్టుతున్నాయి. దూడలు కొంచెం అవతల నేల మీద పడి ఉన్నాయి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

రేడియోలో చూసింది చూసినట్టు చెప్పాను. హెడ్ స్టాక్‌మన్ ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడకుండా, నా దగ్గరున్న డబ్బాల్లోని నీళ్లు తొట్టిలో పోయవద్దన్నాడు. కొంచెం నీళ్లు కనిపిస్తే ఒకదాని మీద ఒకటి పడి తొక్కుకుని చస్తాయి. జీపును తొట్టికి అడ్డంగా పెట్టి, దూడలకు మాత్రం సీసాతో నోట్లో తడపమన్నాడు. జనరేటరూ మరో పంపూ వేసుకుని వాళ్లు వచ్చేసరికి మూడు గంటలు. పంపు దించాక కూడా ట్యాంకులో సగం నిండేదాకా వాల్వు మూసే ఉంచారు. తర్వాత రెండు తొట్లనూ ఒకేసారి తెరిచి, మేం జీపులతో మందను నాలుగు భాగాలుగా విడదీసి ఒక్కో భాగాన్నే వదిలాం. చీకటి పడ్డాక కూడా తాగుతూనే ఉన్నాయి. రెండు దూడలు దక్కలేదు. మేం మరో రోజు ఆలస్యంగా వెళ్లి ఉంటే ఎన్ని పోయేవో నాకు ఊహించుకోవాలని లేదు.

నవంబరు చివర్లో, మట్టిరోడ్లు మూసుకుపోకముందే మమ్మల్ని కేథరిన్‌కు దింపారు. ఇక లెక్కలు. 2025 జులై 1 నుంచి ఆస్ట్రేలియాలో కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు అయింది. మాకు వారం జీతం, తిండీ గదీ ఇచ్చి, పన్ను పోగా చేతికి వారానికి ఎనిమిది వందల డాలర్ల పైచిలుకు వచ్చేది. ఖర్చు పెట్టే చోటే లేదు కాబట్టి దాదాపు అంతా మిగులుతుంది. ఈ వీసా మీద ఉన్నవాళ్లకు మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను పడుతుంది, 45,000 డాలర్ల దాకా అదే రేటు. యజమాని విడిగా జమచేసే సూపర్ అనే పింఛను సొమ్ము దేశం వదిలి, వీసా ముగిశాక అడిగి తీసుకోవచ్చు గానీ, అందులో 65 శాతం పన్నుగా పోతుంది. దాన్ని పొదుపు కింద లెక్కవేసుకోవద్దు. రెండో ఏడాది వీసాకు, ఉత్తర ఆస్ట్రేలియాలో పశుపోషణ వంటి నిర్ణీత పనుల్లో మూడు నెలలు చేసినట్టు చూపాలి. దానికి జీతం చీటీలన్నీ, యజమాని సంతకం చేసిన ధ్రువీకరణా కావాలి. మా మేనేజరు ఆ సంతకం చివరి రోజు కంగారులో కాకుండా సెప్టెంబరులోనే చేసి ఇచ్చాడు. మీరూ ముందే అడిగి తీసుకోండి, వానాకాలంలో స్టేషన్‌లో ఫోను ఎత్తే మనిషి దొరకడం కష్టం.

నా రెండో వీసా దరఖాస్తు ఇప్పుడు పరిశీలనలో ఉంది. వస్తే ఏప్రిల్‌లో అదే స్టేషన్‌కు, ఈసారి దూడల మందులూ టీకాల బాధ్యతంతా నాదిగా, రమ్మన్నారు.